చెడ్డ యజమాని వేషం

కూరలో ఉప్పు ఎక్కువైందని మా ఆయన విసిరిన కుక్కర్ మూత చెవి వెనక తగిలింది. నెత్తురు తుడుచుకుని, ఆయన టిఫిన్ డబ్బా సర్ది, మూత కూడా తోమిపెట్టాను. "మగాడన్నాక కోపం రాదా? నువ్వే సర్దుకోవాలి" అంది అత్తగారు, టీ చల్లారిందని గుర్తుచేస్తూ. ఆ నెత్తురు చెవితోనే పనికి వెళ్ళాను.

నేరం చేసి శిక్షపడ్డ ఆడపిల్లలకు పని నేర్పి ఉద్యోగాల్లో పెట్టే కేంద్రం మాది. బండ్ల రిపేరు మాస్టారు నేర్పుతాడు. నేను నేర్పేది ఓర్పు. చెడ్డ యజమాని వేషం కట్టి తిడతాను. పిల్ల తిరగబడకుండా "సరే సార్, మళ్ళీ చేస్తాను" అనాలి. నా తిట్లు ఎంత సహజంగా ఉంటాయో అని కేంద్రం నడిపే మా పెద్ద మేడం మురిసిపోతుంది. అవి ఎక్కడ నేర్చుకున్నావని మాత్రం ఎప్పుడూ అడగలేదు. పని నేర్చుకుని బయటికెళ్ళిన పిల్లలు ఉండే మా హాస్టల్‌కి రాత్రి వార్డెన్ లేక తాళం పడితే ఆ పని నన్ను చెయ్యమంది కూడా. "ఊళ్ళో పిల్లలకి కాపలా కాస్తే ఇంట్లో వంటెవరు చేస్తారు?" అన్నాడు మా ఆయన. మానుకున్నాను.

ఇవాళ స్పానర్ పిల్ల వంతు. తల్లి గొంతు నులుముతున్న తండ్రి చెయ్యి స్పానర్‌తో విరగ్గొట్టి వచ్చింది. రేపటి నుంచి బండ్ల షెడ్డులో ఉద్యోగం. అక్కడ చెయ్యి లేపిందా, మళ్ళీ జైలే.

"ఈ బ్రేకులు బిగించింది ఎవరే? అవి చేతులా, కట్టెలా?"

"నేనే సార్. మళ్ళీ బిగిస్తాను."

"తినడానికి మాత్రం ముందుంటావు! మీ అమ్మ నేర్పింది ఇదేనా? ఉప్పెంత వెయ్యాలో కూడా తెలీదా?"

"బ్రేకుల్లో ఉప్పేంటి మేడం!" అంది ఆ పిల్ల. చూస్తున్న పిల్లలంతా పగలబడి నవ్వారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారే, అలా ఒళ్ళు మండిపోయింది. ఏం చేస్తున్నానో తెలిసేలోపే నా చెయ్యి ఆ పిల్ల చెంప పగలగొట్టింది. పెదవి చిట్లింది. బల్ల మీది స్పానర్ వైపు దాని వేళ్ళు కదిలాయి, ఆగాయి.

"సరే సార్, మళ్ళీ చేస్తాను" అంది. నెత్తురు మింగి, "పాసయ్యానా మేడం?" అని అడిగింది.

నా మీద నాకే అసహ్యం వేసింది. ఇన్నాళ్ళూ నేను వీళ్ళకు నేర్పింది ఉద్యోగం కాదు, నా కాపురం.

"తప్పు నాది తల్లీ. తిడితే ఓర్చుకో. కొడితే మాత్రం ఓర్చుకోకు, తిరిగి కొట్టకు. ఆ క్షణమే బయటికి వచ్చెయ్."

అది నా చెవి వెనక తడిని చూస్తూ, "వచ్చేసి ఎక్కడుండాలి మేడం? హాస్టల్‌కి తాళం కదా" అంది.

తిన్నగా పెద్ద మేడం గదికి వెళ్ళి, పిల్లను కొట్టానని చెప్పాను. ఆవిడ చాలాసేపు తిట్టింది. తిట్లన్నీ అయ్యాక, ఇక ఆ వేషం కట్టనని, రాత్రి వార్డెన్‌గా నేనే ఉంటానని చెప్పి, హాస్టల్ తాళంచెవి అడిగాను. ఇచ్చింది. సాయంత్రం ఆ పిల్లా నేనూ హాస్టల్లో మంచాల దుమ్ము దులుపుతుంటే మా ఆయన ఫోన్ చేశాడు.

"ఎక్కడ చచ్చావు? రాత్రికి కూరేంటి?"

"ఉప్పు డబ్బా పొయ్యి పక్కనే ఉంది," అన్నాను. "ఎంత కావాలో మీరే వేసుకోండి."