చివరి బోల్టు

గుంతలో నిలబడి, తల మీదున్న ఇంజను అడుగును ప్రేమయ్య బ్లేడుతో గీకుతున్నాడు. నూనె మొత్తం డబ్బాలోకి వంచేశాడు. ఇంజను అడుగున నూనె నిలిచే చాంబరు ఊడదీసి పక్కన పెట్టాడు. పాత కార్కు ప్యాకింగు పెళుసెక్కి, ఇంజను అంచుకు అక్కడక్కడా అంటుకుపోయి ఉంది. దాన్ని పూర్తిగా గీకేసి కిరసనాయిలుతో కడిగితే తప్ప కొత్తది పట్టదు. పాతదాని మీదే కొత్తది అతికించి చేతులు దులుపుకునే మహానుభావులు బద్వేలులో చాలామందే ఉన్నారు. వాళ్లు బాగుచేసిన బండ్లు ఊరు దాటకముందే మళ్లీ కారతాయి.

ఈ కారును మాత్రం వాళ్లెవరూ ముట్టరు. వెనక సీటు పీకేసి, ఆ చోట చెక్క పరిచిన పాత డీజిలు కారు ఇది. కడప ఆసుపత్రి నుంచి శవాలను ఊళ్లకు చేరుస్తుంది. ఎన్ని నిమ్మకాయలు తొక్కించినా మిగతా షెడ్లవాళ్లు దీన్ని లోపలికి రానివ్వరు. ప్రేమయ్య రానిస్తాడు. గుంతలోకి దిగేముందు పానాతో బంపరును మెల్లగా తట్టి, "వస్తాండా" అంటాడు. ఎవరితో అంటాడో ఎవరూ అడగలేదు, అడిగినా అతను చెప్పలేడు.

డ్రైవరు గోపన్న కిరాయిల కోసం అందరికీ ఇచ్చిన నంబరు ఈ షెడ్డులోని ఫోనుదే. ప్రేమయ్య చాలాకాలంగా ఒక సంగతి గమనిస్తున్నాడు. కారు రిపేరులో ఉన్నంతసేపూ ఆ ఫోనుకు నోరుండదు. చివరి బోల్టు బిగించి అతను పైకొచ్చేసరికి మోగుతుంది. ఎవరో పోయారని కబురు. క్లచ్ ప్లేటు మార్చినప్పుడూ అంతే, రేడియేటరు అతికించినప్పుడూ అంతే. మొదట్లో నవ్వుకున్నాడు. తర్వాత నవ్వడం మానేశాడు.

ఇప్పుడు అదే ఆసుపత్రిలో అతని భార్య కృపమణి ఉంది. జ్వరం తలకెక్కి మనుషులను పోల్చుకోలేకపోతోంది. ఈ పొద్దు గడిస్తే చాలునని డాక్టర్లు అన్నట్టు, తోడున్న మరదలు జ్ఞానమణి పొద్దున్నే, ఈ కారు షెడ్డుకు రాకముందే, ఫోనులో చెప్పింది. ప్రేమయ్య బస్సెక్కలేదు. తను పోతే గోపన్న ఎవరినో బతిమాలి ఆ చివరి బోల్టు బిగింపజేసుకుంటాడు. ఆ భయం అతన్ని గుంతలో కట్టిపడేసింది.

కొత్త ప్యాకింగుకు జిగురు పూసి, చాంబరును పైకెత్తి, ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా బిగించాడు. ఒకేసారి బిగిస్తే కార్కు నలిగిపోతుంది. మూలనున్న బోల్టును మాత్రం వదులుగానే ఉంచాడు. నూనె పోసి గోపన్న ఇంజను స్టార్టు చేస్తే, ఆ మూల ఒక చుక్క ఊరి కింద పడింది.

"ఇంకా కారుతాండాది. జిగురు ఆరల్ల" అన్నాడు ప్రేమయ్య. ఆ చుక్కను చూసి ఎంత సంతోషించాడో అతనికే తెలుసు.

గోపన్న కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, టీ బంకు వైపు పోయాడు. షెడ్డులో మరెవరూ లేరు. ప్రేమయ్య తల మీద, కారులో, చెక్క కిర్రుమంది. పడుకున్న మనిషి పక్కకు ఒత్తిగిలినట్టు కారు ఒకవైపుకు కొంచెం కుంగింది.

"పండుకో. ఈ పొద్దు యాడికీ పోవు" అన్నాడతను. ఎడమ భుజం లాగుతోంది. చేతులు పైకెత్తి పనిచేసేవాడికి అది మామూలే అనుకున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చేవేళకు గోపన్న వెంట ఒక ముసలాయన వచ్చాడు. పేరు బొజ్జన్న. ఈ కారును నిన్ననే కిరాయికి మాట్లాడుకుంది ఆయనే. కడపకు పోయే దారిలో నూనె కక్కి ఇది ఆగిపోయింది. ఆయన గుంత అంచున గొంతుక్కూర్చున్నాడు.

"మా చెల్లెలప్పా. నిన్నటాల నించి ఆసుపత్రిలోనే ఉండాది" అన్నాడు. "పిల్లోల్లు ఇంటికాడ సూస్తాండారు. ఇంగో బండి అడిగితే ఎవురూ రామంటాండారు. ఈ ఎండకు..." అని ఆగిపోయాడు.

ప్రేమయ్య తన మనిషిని కాపాడుకుంటున్నాననుకున్నాడు గానీ, ఇంకొకరి మనిషిని పొద్దుటి నుంచీ ఇంటికి చేరనివ్వలేదని అంతవరకూ అతనికి తోచలేదు. సిగ్గు ముంచుకొచ్చింది. దానికంటే ఎక్కువగా భయం. చెమట కళ్లలోకి కారింది.

"కృపా" అనుకుంటూ పానాను మూల బోల్టుకు తగిలించి బిగించాడు. కార్కు నలగకుండా, పట్టు తెలిసేవరకూ.

"ఇంగ పోండప్పా" అన్నాడు.

గోపన్న ఇంజను స్టార్టు చేశాడు. ముసలాయన వంగి చూశాడు. ఒక్క చుక్క కూడా పడలేదు. అంతలో షెడ్డులో ఫోను మోగింది.

"ప్రేమయ్యా, ఫోనప్పా" అని కేకేశాడు గోపన్న. గుంతలోంచి పలుకు లేదు. ఇంజను ఆపి తనే పోయి ఎత్తాడు. అవతల కృపమణి. గొంతు పీలగా ఉన్నా, అది కృపమణే.

"ఉండుమ్మా, పిలుస్తా" అని రిసీవరును పానాల పెట్టె మీద పెట్టి, గోపన్న గుంత దగ్గరికి వచ్చాడు. ప్రేమయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. పానా ఒడిలో పడి ఉంది. గోపన్న కిందికి దిగి చెయ్యి పట్టి చూశాడు. ప్రేమయ్య కళ్లు మూసి, అక్కడే కూలబడ్డాడు. బొజ్జన్న తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

పానాల పెట్టె మీద రిసీవరు వెల్లకిలా పడి, సన్నగా మాట్లాడుతూనే ఉంది. "ఇంటాండావా? జ్వరం ఇడిసింది. గంజి తాగినా. రెండు దినాల్లో పంపిస్తారంట... గోపన్న కారు మాత్రం పంపొద్దు, బస్సుకే వస్తా."