బొటనవేలికి ఒక కిటికీ

నేను ఒక ఫాస్ట్ బౌలర్ ఎడమకాలి బూటును. ఆ ఫోను వచ్చిన వేళకు రోషిణి నన్ను ఒళ్లో పెట్టుకుని, కూరగాయల కత్తితో నా ముందుభాగం కోస్తోంది. కంగారు పడకండి. ఫాస్ట్ బౌలర్ పరుగెత్తి వచ్చి ఎడమకాలు దించి బంతి వేసేటప్పుడు పాదం ముందుకు జారి, బొటనవేలు బూటుకు గట్టిగా తగులుతుంది. అందుకని ఆ వేలికి చిన్న కిటికీ తెరుస్తారు. ఫ్యాక్టరీలో నన్ను కుట్టినవాళ్లు చూస్తే గుండెలు బాదుకుంటారు. కొత్త వస్తువుకు కన్నం పెట్టి, ఇప్పుడు బాగుందని మురిసిపోయేది మనుషులే.

డర్బన్ దగ్గర చాట్స్‌వర్త్‌లో వాళ్ల ఇల్లు. చెరకు తోటల పనికి విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చిన ముత్తాతల తెలుగు ఆ ఇంట్లో ఇంకా బతికే ఉంది. రోషిణి భర్త దేవన్ అప్పలసామి ఫోను పెట్టేసి గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు.

"టెస్టు జట్టులోకి తీసుకున్నారు. దక్షిణాఫ్రికాకి ఆడతన్నాను."

"ఇరవైతొమ్మిదేళ్లొచ్చాక కనిపించినావేటి ఆళ్లకి?" అంది రోషిణి. అని, నన్ను గుండెలకు హత్తుకుని ఏడ్చేసింది. పెళ్లయి మూడు నెలలే. మొగుణ్ని వదిలేసి బూటును కౌగిలించుకున్నానని కాసేపటికి తెలిసివచ్చి, పడీపడీ నవ్వింది.

ఐదు టెస్టులు, ఇరవైమూడు వికెట్లు. ఎంత బాగుండేవో ఆ రోజులు! పొద్దున్నే తడిగడ్డి వాసన, క్రీజు గీత మీది సున్నం నా అడుగున చల్లగా అంటుకోవడం, వికెట్ పడగానే అతని వేళ్లు లోపల గంతులు వేయడం. చప్పట్లన్నీ అతని చేతికే. బరువంతా నా మీద. తోలుకు నొప్పి ఉండదు కాబట్టి సరిపోయింది. నొప్పంతా పాదానిది.

కేప్‌టౌన్‌లో ఆరో టెస్టుకు ముందురోజు పాదం మధ్య ఎముకలో నొప్పి మొదలైంది. దేవన్ కుంటడం జట్టు ఫిజియో చూశాడు.

"ఏం లేదు, గోరు నల్లబడింది" అన్నాడు దేవన్.

ఆ మాట వింటే ఎవరూ ఇంకేమీ అడగరు. ఫాస్ట్ బౌలర్లందరికీ ఆ గోరు నల్లగానే ఉంటుంది.

"అయితే ఆ కన్నం ఇంకాస్త పెద్దది చేసుకో" అని ఫిజియో వెళ్లిపోయాడు.

హోటల్ గదిలో రోషిణి ఆ పాదం మీద వేలు ఆనించింది. దేవన్ పళ్లు బిగించాడు.

"గోరు కాదిది. చెప్పీ ఆయనకి."

"చెప్తే కూకోబెడతారు. నా చోటు కోసం ఎనకాల ముగ్గురున్నారు. మళ్లీ పిలుస్తారేటి నన్ను?"

ఆమె కత్తెర తీసుకుని నా కిటికీని పెద్దది చేసింది. వద్దని గట్టిగా చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. అతని సంతోషం అప్పటికి ఇంకా కొత్తది.

రెండో రోజు టీ తర్వాత, ఓవర్లో నాలుగో బంతికి కాలు దిగగానే లోపల పుల్ల విరిగినట్టు చప్పుడైంది. అన్ని వేలమందిలో విన్నది మేమిద్దరమే. అతను ఆగలేదు. ఐదో బంతి వేశాడు. ఆరో బంతికి స్టంపు ఎగిరింది. జట్టంతా పరుగెత్తి వచ్చి వాటేసుకుంది. ఆ చేతులు లేకపోతే పడిపోయేవాడని వాళ్లెవరికీ తెలియదు.

అది అతని చివరి బంతి అని నాక్కూడా తెలియదు.

రెండు ఆపరేషన్లు, పద్దెనిమిది నెలలు. రేపు ఫిట్‌నెస్ పరీక్షకు రమ్మని జట్టు నుంచి కబురు వచ్చింది. ఈ సాయంత్రం పెరట్లో అతను పరుగెత్తి వచ్చి నన్ను నేలకు దించాడు. ఒక్కసారే. అక్కడే కూలబడిపోయాడు.

రోషిణి వచ్చి నా లేసులు విప్పింది. తల ఎత్తకుండానే అడిగింది: "నొప్పి తెలీకుండా సూదిమందేయించుకుని ఎల్తావేటి?"

"నేదు. ఎల్లి, ఉన్నదున్నట్టు చెప్పీసి వొచ్చేస్తాను. ఇంక బంతి వెయ్యనేనని."

"తొమ్మిదింటికి కదా? నేనూ వొస్తాను. రేపు ఎనిమిదికే బయల్దేరిపోదాం" అందామె. "కారు దిగి గ్రౌండు దాకా చాలా దూరం నడవాలి. నువ్వు మెల్లగా నడుస్తావు కదా."