చెవి తెంపినోడు

జానమ్మ ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ముప్ఫై మూడేళ్లయింది. దాన్ని కుట్టించాలన్న ఆలోచన ఆమెది కాదు, కొడుకు డేవిడ్‌ది. ఆ కొడుకు పోయి ఏడాదిన్నర. ఇప్పుడు కోడలు మల్లిక పట్టు పట్టి కూర్చుంది.

"అత్తమ్మా, గురువారం పట్నం నుంచి మా దవాఖానకు పెద్ద డాక్టరు వస్తడు. అరగంట పని. సూది ఇస్తరు, నొప్పి తెల్వదు. కుట్టు గూడ కనబడదట. నెలా పదిహేను రోజులైనంక మళ్ల చెవి కుట్టించుకుని కమ్మలు పెట్టుకోవచ్చు."

"ముసలిదాన్ని, నాకెందుకే గా సోకులు?"

"నీకు కాదు, ఆయన కోసం చేయించుకో."



డేవిడ్ పోయాక మల్లిక నల్లగొండలో ఒక చర్మం దవాఖానలో ఆయాగా చేరింది. నకిరేకల్ పక్క ఊరి నుంచి రోజూ బస్సులో పోయి వస్తుంది. అక్కడికి వచ్చేవాళ్లు మచ్చలు తీయించుకుంటారు, వంకర ముక్కులు సరిచేయించుకుంటారు. మొదట్లో వాళ్లను చూసి ముక్కు మీద వేలేసుకున్న మల్లికే ఇప్పుడు అత్తను వాళ్ల వరుసలో కూర్చోబెట్టడానికి తయారైంది. కాదా మరి! బీరువాలో గులాబీ కాగితంలో చుట్టిన బంగారు కమ్మలున్నాయి. డేవిడ్ చేయించినవి. "ముందు చెవి కుట్టిద్దాం, క్రిస్మస్‌కు అమ్మ గీ కమ్మలు పెట్టుకుని చర్చికి రావాలె" అన్నాడు. ఆ క్రిస్మస్ ఇంకా రానేలేదు, డ్యూటీ నుంచి వస్తుంటే చిట్యాల దగ్గర హైవే మీద లారీ అతని బండిని గుద్దేసింది.

ఆ చెవి సంగతి వాడలో తెలియనివాళ్లు లేరు. డేవిడ్‌కు ఆరు నెలలప్పుడు పాలు తాగుతూ తాగుతూ తల్లి కమ్మ పట్టి గుంజాడట, తమ్మె సర్రున చీలిందట. ఆ వాడలో బాలింతలు పాలిచ్చే ముందు కమ్మలు తీసి కొంగున ముడేసుకుంటారు. జానమ్మకు సోకెక్కువ, తీయలేదు, అనుభవించింది అని అత్త నాలుగు రోజులు సాధించింది కూడా. అప్పటినుంచి పిల్లాడి పేరు చెవి తెంపినోడు. గోలీలాటలో చెవి తెంపినోడు, బడిలో చెవి తెంపినోడు, ఆఖరికి పెళ్లి పందిట్లో కూడా. "నీ చెవులు పైలం బిడ్డా, వీడు మా చెవి తెంపినోడు" అని ఎవరో మల్లికతో అంటే పాస్టరయ్య కూడా పకపకా నవ్వాడు.

డేవిడ్ కూడా నవ్వేవాడు. కానీ ఆరేళ్లప్పుడు ఒకరోజు తల్లి పక్కన పడుకుని ఆ రెండు చీలికలనూ వేళ్లతో దగ్గరికి ఒత్తి పట్టుకుని అడిగాడు.

"అమ్మా, మస్తు నొచ్చిందా?"

"నొయ్యదా మరి! లబోదిబోమని ఏడ్చిన" అంది జానమ్మ ఆటకు.

 మర్నాడు వాడు బడి నుంచి జిగురు సీసా పట్టుకొచ్చాడు. చెవి అతికిస్తాడట. ఇల్లంతా విరగబడి నవ్వింది. జానమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే ఆమెకు తన చెంప తానే వాయించుకోవాలనిపిస్తుంది.

ఎందుకంటే ఆ చెవి తెంపింది డేవిడ్ కాదు. ఆ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు జానమ్మ, రెండోవాడు ఆమె మొగుడు పెద్దులు.

ఆ రోజు పెద్దులు కల్లు తాగి తూలుకుంటూ వచ్చాడు. అన్నంలోకి కూర లేదని రంకెలేశాడు. ఒళ్లో పిల్లాడు పాలు తాగుతున్నాడు, లేవలేకపోయింది. జుట్టు పట్టబోయిన చెయ్యి కమ్మను పట్టింది, గుంజింది. పిల్లాడి నెత్తి మీద నెత్తురు కారింది. తెల్లారి ఊరి నుంచి వచ్చిన అత్త ఏమైందే అని అడిగితే "పిల్లగాడు గుంజిండు" అనేసింది. నోటికొచ్చిన మాట అది. మొగుడి పరువు పోతుందని, మళ్లీ ఇంట్లో లొల్లి ఎందుకని. ఆడవాళ్లు ఇలాంటివి ఎన్ని అనలేదు! కాలు జారిందంటారు, తలుపు తగిలిందంటారు. తలుపు మీద నెడితే తలుపు బాధపడదు. జానమ్మ బిడ్డ మీద నెట్టింది.

ఆ తర్వాత పెద్దులు కల్లు మానేశాడు. బాప్తిస్మం తీసుకున్నాడు. మళ్లీ ఏనాడూ చెయ్యెత్తలేదు. మంచిగా మారిన మనిషి మీద పాతది తవ్వి ఏం లాభమని ఆమె ఊరుకుంది. ఆయన కూడా ఊరుకున్నాడు. ఎవరైనా 'చెవి తెంపినోడు' అని నవ్వులాట మొదలుపెడితే లేచి బయటికి పోయేవాడు. పోవడమే తప్ప నోరు విప్పలేదు మహానుభావుడు.

బుధవారం దాకా జానమ్మకు ముద్ద దిగలేదు. కుట్టించుకుంటే కొడుకు కోరిక తీరుతుంది. కానీ ఆ కోరిక పుట్టిందే తన అబద్ధంలోంచి. కుట్టించుకోకపోతే వాడు ముచ్చటపడి చేయించిన కమ్మలు బీరువాలో మూలుగుతాయి. ఎటు తిరిగినా కొడుకుకు అన్యాయమే అనిపించింది.

"చేయించుకోరాదు, పిల్లగాని కోరిక గదా" అన్నాడు పెద్దులు.

"నీకెందుకయ్యా అంత తొందర?"

ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకుని వాకిట్లోకి వెళ్లిపోయాడు. కళ్ల ముందు ఆ చీలిక లేకపోతే ఈయనకు హాయి అని జానమ్మకు అర్థమైంది. అర్థమై ఒళ్లు మండింది. అయినా గురువారం పొద్దున కొడుకు ముఖమే కళ్లలో మెదిలి, గులాబీ కాగితం పొట్లం బొడ్లో దోపుకుని బయల్దేరింది. వెంట మల్లిక, నాలుగేళ్ల మనవరాలు వర్షిత, వెనక పెద్దులు.

పెద్దులు పిల్లతో బయటే ఆగాడు. డాక్టరు బాలకృష్ణ మెత్తగా మాట్లాడే మనిషి. చెవిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పాత గాయం కదమ్మా, రెండు అంచుల మీదా చర్మం మూసుకుపోయింది. ఆ అంచులు కొంచెం కోసి మళ్లీ పచ్చిగా చేస్తేనే అతుక్కుంటుంది. భయమేం లేదు. ఎట్లా తెగింది?"

మల్లిక అందుకుంది. "మా ఆయన చిన్నప్పుడు పాలు తాగుకుంట గుంజిండు సార్."

"మామూలే, ఇట్లాంటివి చాలా వస్తుంటాయి" అని డాక్టరు కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు.

"ఏం రాస్తున్నవు సారూ?" అంది జానమ్మ.

"కారణం రాయాలమ్మా. కొడుకు లాగడం వల్ల అని."

వాడలో ఎన్నేళ్లు నవ్వుకున్నా అది గాలిలో పోయిన మాట. ఇప్పుడు చచ్చిపోయిన పిల్లాడి మీద కాగితానికి ఎక్కుతోంది.  జానమ్మ చెయ్యి చాపి డాక్టరు కలం పట్టుకుంది.

"రాయకు సారూ, నీ కాల్మొక్త. కొట్టెయ్. నా కొడుకు తెంపలే. వాని నాయిన తెంపిండు, తాగొచ్చి. నేనే వాని మీద పెట్టిన."

  మల్లిక గోడకు ఆనుకుని సన్నగా మాట్లాడింది.

"వర్షిత పుట్టినంక, పాలియ్యబోతే ఉరికొచ్చి నా కమ్మలు ఆయనే తీసేటోడు అత్తమ్మా. పిల్ల చెయ్యి నా చెవు దిక్కు పోతే చాలు, పట్టుకొని కిందికి దించేటోడు. నాకు గూడ గదే నేర్పిండు. నా బిడ్డ నా లెక్క కావద్దు అనేటోడు."

"గట్లనేటోడా?" అంది జానమ్మ. "నాకెన్నడు చెప్పలే."

"నీకెట్ల చెప్తడు? నీ చెవు జూస్తేనే ఆయన కండ్లు కిందికి వోయేటియి."

జానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరు రాసింది కొట్టేసి, "మరి కుట్టేద్దామా అమ్మా?" అని అడిగాడు.

"వద్దు సారూ. వాడు తన తప్పు దిద్దుకుందామని కమ్మలు చేయించిండు. వాని తప్పే లేకపాయె. ఏ మొఖంతోని పెట్టుకుంట నేను?"

బయట బెంచీ మీద పెద్దులు మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముందు భార్య చెవి వైపే చూశాడు. కట్టు లేదు. తర్వాత కోడలి వైపు చూశాడు. మల్లిక 'మామా' అని పలకరించకుండా పిల్లను ఎత్తుకుని ముందుకు నడిచింది.

"చెప్పినవా?" అన్నాడు.

"చెప్పిన."

పెద్దులు తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. "నేను చెప్పాల్సింది జానా. పిల్లగానికి నేను చెప్పాల్సింది."

"చెప్పు పో. ఇప్పుడు పోయి చెప్పిరా పో" అంది జానమ్మ. ఆ మనిషి మీద ఆమె గొంతు లేచి ముప్ఫై మూడేళ్లయింది. లేచాక ఏడుపే వచ్చింది.

బస్సులో పెద్దులు వెనక ఎక్కడో నిలబడ్డాడు. వర్షిత నాయనమ్మ ఒళ్లో అలసి సొక్కి పడుకుంది. మగతలో చెయ్యి పైకి పాకి, జానమ్మ చెవిని తడిమి, వేలాడుతున్న ఒక చీలికను రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. పక్క సీట్లోంచి మల్లిక చెయ్యి అలవాటు చొప్పున చటుక్కున వచ్చింది, పిల్ల చేతిని దించడానికి.

"ఉండనియ్యి బిడ్డా" అంది జానమ్మ. "వాడు గూడ గిట్లనే పట్టుకొని పండుకునేటోడు. ఒక్కనాడన్న గుంజలే."

మల్లిక చెయ్యి వెనక్కి తీసుకుంది. నకిరేకల్ వచ్చేదాకా పిల్ల ఆ చెవిని వదల్లేదు.