రెండు ఆసులు, ఒక ఐస్ ఫ్యాక్టరీ

నేను ఒక నల్లబిళ్ళని. తలనొప్పికి మింగే బిళ్ళ కాదు, నుదుటన పెట్టుకునే బిళ్ళా కాదు. పోకర్ ఆటలో డబ్బుకి బదులు బల్ల మీదకి తోసే బిళ్ళని. నాది ప్లాస్టిక్ ఒళ్ళు, కడుపులో మాత్రం ఒక ఇనుప రేకు దాచారు. చేతికి బరువు తగిలితేనే మనిషికి విలువ ఉన్నట్టు తోస్తుంది. ఈ కిటుకు కనిపెట్టినవాడెవడో గానీ మనుషుల్ని బాగా చదివాడు.

నన్ను మొదట కొన్నది హైదరాబాదులో ఒక కుర్ర ఇంజనీరు. ఆదివారాలు మిత్రులతో కూర్చుని, ఓడినవాడు అంట్లు తోమాలని పందెం కాసి ఆడేవాడు. అంత నామోషీ బతుకు ఏ బిళ్ళకీ వద్దు. అక్కడ నా విలువ రెండు గిన్నెలు, ఒక మూకుడు. పెళ్ళి కుదరగానే మా పెట్టెని మొత్తంగా అమ్మేశాడు. కొన్నది భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న భాస్కరరాజు గారు.

భాస్కరరాజు గారు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారు. కోపమొచ్చినా నవ్వే, ముంచేటప్పుడూ నవ్వే. చెరువు గట్టు మీద గెస్ట్‌హౌస్‌లో ప్రతి ఆదివారం టిఫిన్లయ్యాక బల్ల వేయించేవారు. ఆటకి తప్పకుండా వచ్చేవాడు ఆయన బావమరిది విశ్వనాథరాజు. అందరూ విశ్వం అనేవారు. మామగారు కట్టిన ఐస్ ఫ్యాక్టరీ అతనిదే. పెద్దాయన పోతూ పోతూ ఫ్యాక్టరీ మొత్తం కొడుక్కి రాశాడు. కూతురు రత్నావతికి, అంటే భాస్కరరాజు గారి భార్యకి, తల మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించాడు. ఆశీర్వాదానికి స్టాంపు ఖర్చు ఉండదు కదా.

రొయ్య పట్టిన రోజు ఐసు లేకపోతే సరుకు సాయంత్రానికల్లా కంపు కొడుతుంది. ఆ ఐసు బావమరిది దగ్గర పూర్తి ధర పెట్టి కొనడం భాస్కరరాజు గారికి పంటి కింద రాయిలా ఉండేది. ఆ ఫ్యాక్టరీ కావాలని ఆయన ఎవరితోనూ అనలేదు. బావమరిదికి పోకర్ నేర్పడం మొదలుపెట్టారు, అంతే.

విశ్వం అసలు రమ్మీ మనిషి. క్లబ్బులో ఇరవయ్యేళ్ళు పదమూడు ముక్కలు పట్టినవాడు. రమ్మీలో ఎంత ఛండాలంగా ఓడినా ఫుల్ కౌంట్ దగ్గర ఓటమి ఆగిపోతుంది, అంతకు మించి పోదు. జోకర్ లేని వరస ఒకటి చేతిలో పడితే దాన్ని లైఫ్ అంటారు. లైఫ్ ఉన్నవాడు ముక్కలు మూసెయ్యడు. ఈ రెండు నమ్మకాలూ ఇతని ఎముకల్లోకి ఇంకిపోయాయి.

"పోకర్లో లైఫ్ అంటే ఏంటండి బావగారూ?" అని మొదటి రోజే అడిగాడు.

"జంట ఆసులయ్యా. అవి వచ్చాయంటే ఇంకేం చూడకు. ఉన్నదంతా తోసెయ్," అన్నారు భాస్కరరాజు గారు.

ఇందులో అబద్ధం లేదు. అదే ఆయన గొప్పతనం. పోకర్లో చేతికి రెండు ముక్కలిస్తారు, మధ్యలో అందరికీ కలిపి అయిదు ముక్కలు పరుస్తారు. ముక్కలు పంచకముందు కట్టాల్సిన చిన్న పందెం ఒకటి ఉంటుంది. మన బిళ్ళల కుప్ప దానికి ఇరవై రెట్లే ఉన్నప్పుడు జంట ఆసులతో మొత్తం తోసెయ్యడం మంచి ఆటే. పోయినా పోయేది గుప్పెడు బిళ్ళలు. కానీ కుప్ప మూడొందల రెట్లు ఉంటే? అప్పుడు ఒక్క జంటని పట్టుకుని మొత్తం తోసినవాడికి ఎదురు నిలిచేది అంతకంటే పెద్దది పట్టినవాడే. పెద్ద కుప్పతో ఆడేటప్పుడు పెద్ద జంటని చూసి పొంగిపోకూడదు. చిన్న జంటతో చవగ్గా లోపలికొచ్చి, మధ్యలో అలాంటిదే మూడోది పడితే ఎదుటివాడి కొంప తియ్యాలి, పడకపోతే నోరు మూసుకుని ముక్కలు పారెయ్యాలి. ఈ రెండో పాఠం భాస్కరరాజు గారు చెప్పలేదు. గురువు అన్నీ చెప్పాలని ఎక్కడుంది?

వేసవంతా చిన్న కుప్పలతోనే ఆడించారు. విశ్వం గెలిచాడు. చొక్కా పైగుండీలు ఊడదీసుకుని తిరగడం నేర్చాడు. ఓ ఆదివారం భాస్కరరాజు గారు నీరసంగా నవ్వారు.

"నువ్వు ముదిరిపోయావయ్యా విశ్వం. ఈ చిల్లరాటలో నీకేం మిగుల్తాది? నా పెద్ద చెరువు బల్ల మీద పెడతాను. నువ్వు ఫ్యాక్టరీ పెట్టు. ఆట తెలిసినోడివి, నీకు భయమేంటి?"

పక్కన ఇద్దరు చుట్టాలు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు భయమని అనడానికి విశ్వానికి నోరు రాలేదు. పైగా పెద్ద చెరువు మీద అతనికి ఎప్పట్నుంచో కన్నుంది. ఆశకి అంతెక్కడ?

అలా నల్లబిళ్ళలన్నీ రెండు కుప్పలయ్యాయి. ఒక కుప్ప చెరువు, ఒక కుప్ప ఫ్యాక్టరీ. ముక్కలు పంచకముందు కట్టే పందెం మాత్రం పాత చిల్లరే. నేను ఫ్యాక్టరీ వైపు పడ్డాను. కంప్రెసర్లో ఏ పైపుకో, ఐసు దిమ్మలు పోసే ఏ డబ్బాకో సరిపోయి ఉంటాను. అంట్ల గిన్నెల నుంచి అంత దూరం వచ్చాను. చుట్టాలు చిన్న కుప్పలతో ఊరికే కూర్చున్నారు.

ఏసీ గాలి పడటం లేదని భాస్కరరాజు గారు కుర్చీ మార్చి విశ్వానికి ఎడమ పక్కన చేరారు. అంటే ఇక ప్రతిసారీ విశ్వం ముందు తన పందెం చెప్పాలి, ఈయన చూసి మాట్లాడతారు. ఆ పూటంతా పిరికివాడిలా ఆడారు. పందెం కాస్త పెరిగితే చాలు, దండం పెట్టి ముక్కలు మూసేశారు.

"బావగారు ముసలోళ్ళయిపోయారండి బాబూ!" అని విశ్వం పగలబడి నవ్వాడు.

ఆ నవ్వు ఆగకముందే అతనికి జంట ఆసులొచ్చాయి. అతని చెవులు ఎర్రబడ్డాయి. పందెం పెంచాడు. చుట్టాలు తప్పుకున్నారు. భాస్కరరాజు గారు తల గోక్కుని కట్టారు. ఆయన చేతిలో ఉన్నవి రెండు అయిదులు.

మధ్యలో రాజు, తొమ్మిది, అయిదు పడ్డాయి. విశ్వం కాశాడు, ఆయన నిట్టూర్చి కట్టారు. నాలుగోది రెండు. విశ్వం ఇంకా కాశాడు. ఈసారి భాస్కరరాజు గారు దానికి మూడింతలు పెట్టారు, నవ్వుతూనే.

పొద్దుట్నుంచీ పారిపోతున్న మనిషి తిరిగి మీద పడితే ఎందుకని అడగాలి. విశ్వం కుప్పలో అప్పటికి పావు వంతు కూడా పోలేదు. ఆసులు మూసేసి లేచుంటే ఫ్యాక్టరీ చాలావరకు దక్కేది, మధ్యాహ్నం భోజనం దక్కేది. ఒక్క క్షణం అతని వేళ్ళు ముక్కల మీద ఆగాయి కూడా. కానీ లైఫ్ చేతిలో పెట్టుకుని ఎవడు మూస్తాడు? రెండు చేతులూ వెడల్పుగా చాచి, పసిపిల్లని ఎదటివాళ్ళకి అందించినట్టు మమ్మల్నందర్నీ బల్ల మీదకి తోసేశాడు.

"చూద్దామయ్యా మరి," అని భాస్కరరాజు గారు అయిదులు తిప్పారు, మధ్యలోదానితో కలిపి మూడు. చివరగా పరిచిన అయిదో ముక్క ఏడు.

"నావి ఆసులండి!" అన్నాడు విశ్వం. "బావగారూ, నావి జంట ఆసులు!"

"అవునయ్యా, పాపం. ముక్కలు కలిసిరాలేదు."

నాకు జాలి వెయ్యలేదు. కుప్పలో అడుగున పడి ఊపిరాడకపోయినా నవ్వొచ్చింది. మనుషుల చేతుల్లో తిరిగిన బిళ్ళకి జాలి ఎక్కడుంటుంది చెప్పండి.

పదిహేను రోజుల్లో రిజిస్ట్రేషన్ అయింది. ఫ్యాక్టరీ భాస్కరరాజు గారి అబ్బాయి పేరున రాశారు. అక్కడి నుంచి అందరూ భాస్కరరాజు గారింటికి భోజనానికి వచ్చారు. భాస్కరరాజు గారు నాకు బెజ్జం పెట్టించి ఫ్యాక్టరీ తాళాలు గుచ్చారు. ఆ గుత్తిని తీసుకెళ్ళి విశ్వం కంచం పక్కన పెట్టారు.

"పరాయోడివా ఏంటి? నువ్వే చూసుకో. నెలకి ముప్పై వేలు జీతం ఇస్తాను."

విశ్వం కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అవమానమో కృతజ్ఞతో అతనికే తెలియలేదు. అక్క వైపు చూశాడు. పెద్దరికంగా ఆవిడ ఒక్క మాట అంటుందని, తమ్ముడి ఫ్యాక్టరీ తమ్ముడికిచ్చెయ్యండి అంటుందని అతని మొహం అంతా ఆశే.

రత్నావతి గారు గరిటె పట్టుకుని తమ్ముడి వైపు తిరిగింది.

"తమ్ముడూ, మీ మేనేజరుకి నువ్వెంతిచ్చేవాడివిరా?"

"ఇరవై, అక్కా."

"అయితే ఇరవయ్యే ఇవ్వండి," అంది మొగుడితో. "పిల్లాడి ఫ్యాక్టరీ. చూసి ఖర్చుపెట్టాలి కదండీ."

భాస్కరరాజు గారి మొహం మీద నవ్వు పోవడం నేను అప్పుడే చూశాను. నేనూ గడుసుదాన్నే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. ఆవిడ గొంతులో కోపం లేదు, కసి లేదు, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా ఉంది. మొదటిసారి నాకు భయమేసింది.

"అక్క చెప్పింది నిజమేనండి," అని విశ్వం నన్ను తీసి జేబులో వేసుకున్నాడు. ఆవిడ అతని కంచంలో ఇంకో గరిటెడు రొయ్యల వేపుడు వేసింది. చిన్నప్పట్నుంచీ తమ్ముడికి అదంటే ఇష్టమట. అతను వద్దనలేదు, అంతా తిన్నాడు.