పుష్ప బుట్ట

తెల్లారకముందే తండా పెద్ద నాయక్ ఇంటి ముందు మంచె మీది నుంచి తీజ్ బుట్టను ఎత్తుకొచ్చాడు తుల్సీరాం. తీజ్ పండుగ రోజుల్లో తండాలోని పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, అన్నిటినీ ఆ మంచె మీదే ఉంచి రోజూ నీళ్లు పోస్తారు. బుట్ట ఎంత బాగా ఎదిగితే ఆ పిల్లకు అంత మేలని నమ్మకం. సరిగ్గా ఈ నడుమనే అతని కూతురు సోనికి పాల్వంచలో ఇంటర్వ్యూ పడింది. చురుకైన పిల్లలను ఏరి, విడిగా చదివించే బడి అది. రాతపరీక్షలో తండా నుంచి సోని ఒక్కతే నెగ్గింది.

"నీళ్లు పొయ్యకుంటే బుట్ట వాడదా? పిల్లను ఎట్ల పంపుతవ్?" అని భార్య పూలి పట్టుబట్టింది. అందుకే, ఎవరికీ చెప్పకుండా, బుట్టనే వెంట తీసుకుపోదామనుకున్నాడు.

బస్సులో వెలుతురొచ్చాక సోని బుట్టను తిప్పి చూసింది.

"బాపూ, ఇది నాది కాదు. నా దానికి ఎర్రదారం కట్టిన. ఇది పుష్పది."

పుష్ప పక్కింటి పిల్ల, సోనికి నేస్తం. తుల్సీరాం ముఖం పాలిపోయింది.

"దిగి ఎనక్కి పోదామా, బిడ్డా?"

"పోతే ఇంటర్వ్యూ పాయె. ఊకో."

ఊరుకోవడం అతని వల్ల కాలేదు. ఇంటర్వ్యూ జరిగేచోట వరండాలో కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. ఎండ లోపలికి పాకి మొలకలు తలలు వాల్చాయి.

"నేను తెస్త నీళ్లు," అన్నాడు.

"నువ్వు పొయ్యొద్దు. ఆడపిల్లలే పొయ్యాలె," అని సోని బుట్టతో బోరింగ్ వెతుక్కుంటూ పోయింది. అప్పుడే ఆమె పేరు పిలిచారు.

"నీళ్లకు పోయింది సారూ, వస్తది."

"ఇంటర్వ్యూ ఇడిచి నీళ్లకా? గింత తెలివైందా మీ పిల్ల?" అని ప్యూన్ నవ్వి, తర్వాతి పేరు పిలిచాడు.

సోని తిరిగొచ్చేసరికి వరండా ఖాళీ అయింది. ఇంటర్వ్యూలు ముగించి, బ్యాగు సర్దుకొని బయటికొచ్చిన మేడం, నీళ్లు కారుతున్న బుట్టను చూసి ఆగింది.

"నీదేనా?"

"కాదు మేడం. మా బాపు పొరపాటున తెచ్చిండు."

"మరి నీది?"

"తండాల ఉంది. ఎట్లుందో ఏమో."

మేడం బ్యాగు కింద పెట్టింది. తర్వాత తలుపు మళ్లీ తీసింది.

"రా లోపలికి. బుట్ట కూడా తెచ్చుకో, ఎండలో పెట్టకు."

తిరుగు బస్సులో తండా దగ్గరయ్యేకొద్దీ తుల్సీరాం సీట్లో కుదురుగా ఉండలేకపోయాడు. నాయక్ ముందు పంచాయతీ తప్పదనుకున్నాడు. కానీ మంచె దగ్గర పుష్ప ఒక్కతే ఉంది, చేతిలో చెంబుతో. ఎర్రదారం కట్టిన బుట్ట తడిగా మెరుస్తోంది.

"మామా, ఇంకోసారి దొంగతనానికొస్తే టార్చి తెచ్చుకో," అంది. తన బుట్ట అందుకొని మొలకలు నిమిరింది. "ఏమన్నరే, సోనీ?"

"తీసుకుంటరట. తీజ్ అయినంక రమ్మన్నరు."

పుష్ప చెంబులో మిగిలిన నీళ్లు కూడా సోని బుట్టలోనే పోసింది.

"అయితే వచ్చే ఏడు నీ బుట్టకు సుత నేనే పొయ్యాలె," అంది.