నాలుగో ఇన్‌పుట్

వెంకటప్పయ్య నాలుగో ఇన్‌పుట్ నాబ్‌ను మరికాస్త కుడికి తిప్పాడు. అద్దం అవతల స్టూడియోలో ఆ నాలుగో మైకు ముందు జంపక్క వాన కబురు చదువుతోంది. ములకలపల్లి చుట్టూ అడవి ఊళ్లకు మాత్రమే వినపడే ఈ చిన్న రేడియోలో కోయ భాషలో మాట్లాడేది ఆమె ఒక్కతే.

రేపు ఉదయం నుంచి ప్రసారాలన్నీ కొత్త స్విచ్చర్ మీదే. ఆరు మైకులకు ఆరు బటన్లు. ఏ బటన్ నొక్కితే ఆ గొంతు బయటికి పోతుంది. గొంతు మారినప్పుడు వినేవాళ్ల చెయ్యి సౌండు పెంచడానికో తగ్గించడానికో రేడియో మీదికి పోకూడదు. అందుకే అన్ని గొంతులనూ ముందుగా ఒక ఎత్తుకు తెచ్చిపెట్టాలి. జాతరల్లో, పెళ్లిళ్లలో సౌండ్ బాక్సులు మోసి, మోగుతున్న వాటి పక్కనే నిద్రపోయి బతికిన వెంకటప్పయ్యకు ఇది మొదటి నెలజీతం ఉద్యోగం. అతనికి బాగా వచ్చిన పని ఇదొక్కటే. అదీ చెవితోనే.

"అన్నా, ఎర్ర దీపం కొడుతున్నది సూడు, సౌండు ఎక్కువైంది" అన్నాడు స్టేషన్ నడిపే అనిల్‌కుమార్.

"దీపాలు సూసి పెట్టేటోడైతే నేనెందుకు? ఆమె గొంతు సన్నగున్నది. లేపాలె."

"సన్నగనా? నా చెవుల సూది గుచ్చినట్టున్నది."

"నీవి పట్నం చెవులు."

"మాది పాల్వంచ అన్నా. ఏం పట్నం?"

జంపక్క చదవడం ఆపి హెడ్‌ఫోన్ తీసేసింది. అద్దంలోంచి అతన్ని చూస్తూ ఏదో అంది. అనిల్ పకపకా నవ్వాడు.

"ఏమన్నది?"

"ఇనలేదా? 'గోదారి అవతలికి ఇనపడాలంటే రేడియో ఎందుకు, గట్టు మీద నిలబడి అరుస్త గద' అంటున్నది."

వెంకటప్పయ్య కూడా నవ్వాడు. ఈ మధ్య ఇతరులు నవ్విన తర్వాత నవ్వడం అతనికి అలవాటైంది.

"ఒక పని జేద్దాం" అని అనిల్ కంప్యూటర్‌లోంచి పరీక్ష శబ్దాన్ని నాలుగో ఇన్‌పుట్‌లోకి పంపాడు. మొదట బొంగురు శబ్దం. ఇద్దరూ తలూపారు. తర్వాత అనిల్ "ఇగ కీచుది" అని ఇంకేదో నొక్కి, మొహం చిట్లించి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"ఇంకా పెట్టవేంది?" అన్నాడు వెంకటప్పయ్య.

అనిల్ చెవుల మీద చేతులు మెల్లగా దించి అతని వైపు చూశాడు. స్విచ్చర్ మీద దీపాలు కింది నుంచి పై దాకా వెలిగి ఉన్నాయి. వాటిని చూస్తూ వెంకటప్పయ్య చాలాసేపు ఆ శబ్దం కోసం ఎదురుచూశాడు. లోపల ఎక్కడో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే గాలి తగిలినట్టయింది.

"దవాఖానాకు పోదాం అన్నా" అని మెల్లగా అని, అనిల్ ఫోన్ తీసుకుని బయటికి నడిచాడు. జంపక్క స్టూడియోలోంచి వెళ్లిపోయింది. వెంకటప్పయ్య ఒక్కడే మిగిలాడు. మిషన్ పాడై ఉంటుంది, అనుకున్నాడు. వైరు, కంప్యూటర్, అన్నిటినీ ఒక్కొక్కటిగా అనుమానించాడు. తనను తప్ప.

అప్పుడు ఆరో ఇన్‌పుట్ దీపాలు కదిలాయి. అది అతని ముందున్న బల్ల మీది మైకు. అతను మాట్లాడటం లేదు. గదిలో ఇంకెవరూ కనపడలేదు. పచ్చ దీపాలు రెండు లేచి పడ్డాయి. ఆగి, మళ్లీ లేచాయి. ఈసారి మూడు.

వెనక్కి తిరిగాడు. టిఫిన్ డబ్బాతో భార్య సుజాత నిలబడి ఉంది. ఆమె పెదవులు కదులుతున్నాయి.

పోయిన ఎండాకాలం ఆమె తమ్ముడి పెళ్లినాడే అతనికి జాతర బుకింగ్ ఉండి, పెళ్లికి పోలేదు. ఆ తర్వాత సుజాత మాటలు తగ్గించిందని, అది తనకు వేసిన శిక్ష అని అతను నమ్మాడు. అన్నం పెట్టేటప్పుడు పళ్లెం గచ్చు మీద ఠంగున కొట్టడం కోపమనుకున్నాడు. తనూ మాట్లాడటం మానేశాడు. ఆ మౌనంలో తనదే పైచేయి అనుకున్నాడు కూడా.

"ఎంతసేపైంది వచ్చి?" అనడిగాడు.

ఈసారి ఆమె పెదవులను చూస్తూ విన్నాడు. సగం వినపడింది, సగం కనపడింది.

"పిలుస్తనే ఉన్న. ఇంట్ల ఎట్లాగూ పలుకవు, ఇక్కడన్న పలుకుతవనుకున్న."

"ఇంట్ల పిలుస్తున్నవా నువ్వు?"

ఆమె వింతగా చూసింది. "పిలువకుంటే? ఇగో, ఇగో అని నోరు నొచ్చి, పళ్లెం కొట్టుడు నేర్సుకున్న. దానికైతే తిరుగుతవు గద."

ఇన్ని నెలలు ఆమె మాట్లాడుతూనే ఉంది. ఆ ఇంట్లో మౌనంగా ఉన్నది తను ఒక్కడే.

అనిల్ తలుపులోకి వచ్చి ఆగిపోయాడు. "నాలుగోది నువ్వే పెట్టు. నా చెవిని నమ్మకు" అన్నాడు వెంకటప్పయ్య, అతని వైపు చూడకుండా. మైకును సుజాత ముందుకు జరిపాడు.

"నన్ను పేరు పెట్టి పిలువు."

"పేరు పెట్టా? ఆయన ముంగటనా?"

"ఒక్కసారి. గట్టిగ."

సుజాతకు నవ్వొచ్చింది. సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెదవులు కనపడకుండా పోయాయి.

వెంకటప్పయ్య గబుక్కున దీపాల వైపు తిరిగాడు. పచ్చవి నాలుగు లేచి, మెల్లగా దిగాయి. ఆమె ఏదో అంది. పిలిచిందో, ఏమయిందని అడిగిందో దీపాలు చెప్పలేదు.