కమల గొంతుకు అంచు

నాకు కోపం ముక్కు మీదుంటుంది. మా కొత్తవాడలో ఏ మగ్గం దగ్గర అడిగినా ఈ మార్కండేయులు గురించి ఇదే చెబుతారు.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో నా కోపమంతా మా బిడ్డ కమల గొంతులోని రెండు గడ్డల మీద పడింది. కమలకు ఏడేళ్లు. ఆ చలికాలం రెండుసార్లు గొంతు వాచి, జ్వరం వచ్చి, గంజి కూడా మింగలేక ఏడ్చింది. పిల్ల ఏడిస్తే మగ్గం మీద నా చెయ్యి ఆడదు. టార్చిలైటు వేసి చూస్తే గొంతుకు చెరో పక్క ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. టాన్సిల్స్ అట! నేతగాణ్ణి, నాకు తెలిసిన వైద్యం ఒకటే: నూలులో ముడి కనిపిస్తే కత్తిరించి పారేసి పోగు అతకడం.

"ఈ గడ్డలు కోయించాలె. ఇయ్యాల్నే దవాఖానకు పోతానం," అన్నాను.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. జర నా మాట ఇనురా..." అంటూ నన్ను కన్న మా అవ్వ రాజవ్వ ఏదో చెప్పబోయింది.

"నువ్వు ఊకో అవ్వా! నీకేమెరుక?" అని కసిరాను. అయినా ఆమె చెప్పులు వేసుకుని మా వెంట బయలుదేరింది.

హనుమకొండ బస్సులో కమల నా అంగీ వదలలేదు. "కోస్తే మాట రాదా బాపూ?" అని పదిసార్లు అడిగింది. ఎవరు చెప్పారే నీకు అని అరిచాను గానీ, లోపల భయం పట్టుకుంది. నిజంగానే మాట రాకపోతే?

డాక్టర్ కిషన్ రావు సార్ కమల గొంతు చూసి, మందులు రాసి, "ఎందుకు కోయాలె?" అన్నారు.

"పనికిరానియి గద సార్!"

"ఎవరు చెప్పిండ్రు? నోట్లకెళ్లి, ముక్కులకెళ్లి ఏ రోగం పురుగు జొరబడ్డా ముందుగాల వీటికే తగుల్తది. పట్టుకొని కొట్లాడ్తయి, ఆ పురుగును గుర్తుపట్టుడు ఒళ్లుకు నేర్పుతయి. గా కొట్లాటల్నే వాస్తయి. పిల్లలకే వీటితోని పని ఎక్కువ. పెద్దగైనంక అవే చిన్నగైతయి. ఊకూకె, మల్లమల్ల రోగమొస్తే, ఊపిరాడకపోతే అప్పుడు కోసే సంగతి చూస్తం. రెండుసార్లకే కోస్తమా?"

నాకు మగ్గం మీది చీర గుర్తొచ్చింది. చీరకు రెండు పక్కలా అంచులో జోడు పోగులు వేస్తాం. ఒరిపిడంతా అంచే ఓర్చుకుంటుంది. మందంగా ఉందని అంచు కోసుకునే నేతగాడు ఉంటాడా? ఛీ, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

"మీ ఇంట్ల ఇంకెవరికన్న గిట్ల ఉండెనా?" అని అడిగారు సార్.

"ఎవ్వరికి లేదు," అన్నాను.

వెనక నుంచి అవ్వ దగ్గింది. "వీనికే ఉండె సార్. పదేండ్ల దాక గిదే గోస. ఉప్పునీళ్లు పుక్కిలిచ్చి పండుకుంటుండె. తర్వాత అవే తగ్గినయి."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు చెప్పనిస్తె గద కొడుకా!"

డాక్టరు గారు పగలబడి నవ్వి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమన్నారు. నలభైకి దగ్గరపడిన మనిషిని, ఆ... అన్నాను. కమల నా మోకాళ్ల మీద చేతులు పెట్టి, టార్చి వెలుగులో తొంగిచూసింది.

"బాపూ, నీకు గూడ ఉన్నయ్! చిన్నగ!" అని కేక పెట్టింది. పొద్దుటి నుంచి ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. నా ప్రాణం లేచి వచ్చింది.

తిరుగు బస్సులో కమల నా ఒళ్లో నిద్రపోయింది. అవ్వ ఏదో చెప్పబోయి, నా ముఖం చూసి ఆగింది.

"చెప్పవ్వా," అన్నాను. "ఇంటున్న."